మా నైరుతి, వాళ్ల ఈశాన్యం

మా ఇంట్లో కుట్టుమిషనుకు కరెంటు అక్కర్లేదు. ఈ మాట నేను ఆనాటి నుంచి చెబుతూనే ఉన్నాను. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది, కాలితో తొక్కే మిషను మీద. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. చైతన్యపురి వెనక మా గల్లీలో ఒక సాయంత్రం కరెంటు పోతే వెనకింటాయన తన ఇన్వర్టర్ నుంచి గోడ మీదుగా ఒక వైరు, దానికో బల్బు అందించాడు. అదీ ఊరికే కాదు, మా ఆవిడ కుడుతున్నది ఆయన కూతురి జాకెట్టే. మర్నాడు పాల బూతు దగ్గర, నలుగురిలో, నా ఎదుటే అన్నాడు:

“మాస్టారింట్లో మిషను మా కరెంటు మీదేనండీ నడుస్తుంది.”

నేను మాస్టారిని కాను, గోదాములో గుమాస్తాను. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. ఎదురుపడ్డ ప్రతి మగవాణ్ణీ మాస్టారనే పిలుస్తాడు. ఆ తప్పు క్షమించాను. కరెంటు మాట క్షమించలేదు. వైరు చుట్టచుట్టి ఆయన గోడ మీద పెట్టి వచ్చి, ఈ ఇంట్లో ఇక పరాయి కరెంటు వెలగదని మా ఆవిడతో చెప్పాను.

“మరి బతుకమ్మ జాకెట్లు ఎట్ల కుట్టాలె? మిణుగురు పురుగుల్ని పట్టుకొస్తవా?” అంది.

ఇన్వర్టర్ కొంటే ఆయన్ని చూసి కొన్నట్టుంటుంది. సోలార్ పెడదామంటే, తుర్కయంజాల్‌లో మా తోడల్లుడు అప్పటికే పెట్టించాడు. ఆయన గృహప్రవేశంలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టారు. నా విస్తరి దాకా వచ్చేసరికి వంకాయ కూర అయిపోయింది. అలాంటి మనిషి దారిలో నేను నడవలేను. ఇక మిగిలింది గాలి. గాలి మీద ఎవరూ నాకు గొప్పలు చెప్పలేరనుకున్నాను.

పెద్ద అంబర్‌పేట్‌లో బోర్లు దించే మేస్త్రీ ఒకాయన ఇళ్ల మీద గాలిమరలు కూడా బిగిస్తాడని తెలిసి పిలిపించాను. బోరు పైపే స్తంభం, దాని మీద మూడు రెక్కలు, కింద బ్యాటరీలు. మేస్త్రీ డాబా అంతా తిరిగి నడిమధ్య నిలబడ్డాడు.

“ఈడ పెడదాం సార్. చుట్టూతా గాలి ఆడతది.”

“నైరుతిల పెట్టు.”

“గాలికి నైరుతేంది సార్?”

“గాలికి కాదు, ఇంటికి. నైరుతి ఎత్తుండాలె, బరువుండాలె. ఈశాన్యం పల్లముండాలె. నీకు తెల్వదా?”

“బోరు ఈశాన్యంల ఏస్తం గని, గీ పంకా సంగతి ఏ సిద్ధాంతీ చెప్పలే సార్,” అంటూనే నైరుతిలో బిగించాడు.

ఆషాఢం గాలి నైరుతి నుంచి దండెత్తి వచ్చింది. రెక్కలు గిర్రున తిరిగాయి. కరెంటు పోయిన మొదటి సాయంత్రం మా ఇంట్లో బల్బులు వెలిగితే వీధి తలుపులు బార్లా తీసి పెట్టాను. దోమలు వచ్చాయి. రానీ అనుకున్నాను, దారిన పోయేవాళ్లు చూడొద్దూ?

“నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం గని, గాలిని మర్చిపోయినం కాకా!” అన్నారు గల్లీ చివర చాయ్ తాగేవాళ్లు. అందులో వెటకారం పాలెంతో నేనింకా తేల్చుకోలేదు.

మా నైరుతి మూల, వెనకింటాయన ఈశాన్యం మూల ఒకే గోడ దగ్గర కలుస్తాయి. అంటే నాకు మేలు చేసే ఎత్తే ఆయనకు కీడు. పెట్టేటప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. తట్టినా అక్కడే పెట్టేవాణ్ని.

“మాస్టారూ, మీ ఫ్యాను మా ఈశాన్యం మీద కూర్చుందండీ,” అన్నాడు గోడ అవతలి నుంచి. “అది పెట్టిన దగ్గర్నుంచీ మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. స్కూటరు స్టార్ట్ అవట్లేదు.”

“నీ స్కూటర్ పోయిన దసరా నుంచే స్టార్ట్ అయితలేదు. పొద్దుగాల నువ్వు కిక్కులు కొట్టుడు నేను ఇంటలేనా?”

“అప్పుడు దగ్గేదండీ. ఇప్పుడు దగ్గటం కూడా మానేసింది.”

ఆయన సిద్ధాంతిని తెచ్చుకున్నాడు. మా స్తంభం కంటే వాళ్ల నైరుతి ఎత్తుగా ఉంటే దోషం పోతుందని తేలిందట. శ్రావణం దాటకముందే ఆయన డాబా మీద, నైరుతి మూలన ఒక గది లేచింది. ఆ గది మీద నీళ్ల ట్యాంకు కూర్చుంది. మాకు గాలి వచ్చే దారి సరిగ్గా అదే. ఆ రోజు నుంచి నా రెక్కలు ఒకసారి కదిలి, ఏదో ఆలోచించుకుని, ఆగిపోయేవి. ఒక కాకి వచ్చి రెక్క మీద కూర్చుని తీరిగ్గా ముక్కు తుడుచుకుంది.

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగాయి, సాయంత్రాలు చీకటయ్యాయి. సమ్మెను తప్పు పట్టే మనిషిని కాను. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెడితే పప్పు గరిట పట్టింది నేనే. కానీ ఇంట్లో బతుకమ్మ జాకెట్ల గుడ్డలు కుప్పబడి ఉన్నాయి. వెనకింటాయన ఇన్వర్టర్ కూడా చచ్చింది. అది నిండాలన్నా కరెంటు ఉండాలి కదా. మా ఆవిడ కొవ్వొత్తి వెలుగులో కుడుతూ వెనకింటావిడ జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే వేసింది.

వంటావార్పు నుంచి వచ్చేసరికి ఆ జాకెట్టును మధ్యలో పెట్టుకుని ఆడవాళ్లిద్దరూ గోడ దగ్గర మాట్లాడుకుంటున్నారు.

“మా ఆయన్ని ఒప్పించానక్కా,” అంది వెనకింటావిడ. “మీ ఫ్యాన్ని మా కొత్త గది మీద పెట్టుకోండి. మా నైరుతి ఇంకా ఎత్తవుద్ది, ఈశాన్యం ఖాళీ అవుద్ది. మాకో బల్బు ఇస్తే చాలు.”

“మరి మన నైరుతి?” అన్నాను.

“రుబ్బురోలు ఎక్కిస్త తీయ్. బరువే గద నీకు కావల్సింది?” అంది మా ఆవిడ.

“వైరు వాళ్లింటి మీదికెల్లే రావాలె.”

“వస్తే ఏంది? వెలుతురు వద్దా, కుట్టనీకి? పండుగ మీద పడ్డది. రెండెడమ చేతుల జాకెట్లతోని ఊరంత బతుకమ్మ ఆడుతరా?”

నేను ఒప్పుకోలేదు. అడ్డుపడలేదు, అంతే.

మేస్త్రీ మళ్లీ వచ్చాడు. “ఇప్పుడు ఎవరి నైరుతి సార్?” అని ఒక్కటే అడిగి, స్తంభం ఊడదీసి ఆయన గది మీద బిగించాడు. అంత ఎత్తులో, మెల్లగానైనా, రెక్కలు తిరిగాయి. గోడ మీదుగా వైరు మా ఇంట్లోకి దిగింది, నేను చుట్టచుట్టి తిరిగిచ్చిన వైరు వచ్చిన దారినే. మా ఆవిడ జాకెట్లన్నీ పండుగకు అందించింది. ఆ ఎడమ చేతుల జాకెట్టును కూడా సరిచేసింది.

పండుగ మర్నాడు పాల బూతు దగ్గర నేను పాకెట్లు తీసుకుంటుండగా ఆయన నలుగురికీ చెబుతున్నాడు:

“మాస్టారింటికి ఇప్పుడు కరెంటు మా డాబా మీంచేనండీ వెళ్తుంది.”

అందులో అబద్ధం ఉందేమోనని ఇంటిదాకా వెతుక్కుంటూ వచ్చాను. మాస్టారన్న మాట తప్ప ఏదీ దొరకలేదు.

డాబా ఎక్కి చూస్తే, వెనకింటాయనకూ వెనకింటాయన, ఆ కొత్త గదికి ఆనుకున్న తన ఈశాన్యం మూలన నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని మా రెక్కల వంక చూస్తున్నాడు. పక్కన సిద్ధాంతి. నేను చప్పుడు చేయకుండా దిగివచ్చాను. ఆ సంగతి వెనకింటాయనకు నేను చెప్పలేదు.