యాంటెన్నా మాస్టారు

యాంటెన్నా మాస్టారు పొద్దున్నే తన ముఖం కడుక్కునేది రెండో పనిగా. మొదట కడిగేది కారు యాంటెన్నాకి. భుజాన తువ్వాలుతో వీధిలోకొచ్చి, పాత కారు ముందు మడ్‌గార్డు మీదున్న యాంటెన్నాని మూడు కణుపులూ ఒక్కొక్కటిగా పైకి లాగి, నూనెగుడ్డతో తుడిచి, చివర గోటితో మీటేవారు. అది ‘టంగ్’మనేది. తల పక్కకి వంచి ఆ మోత ఆఖరిదాకా విని, అప్పుడు తన ముఖం సంగతి చూసుకునేవారు.

ఇంత సేవ చేయించుకునీ ఆ యాంటెన్నా పట్టేది ఒకే ఒక్క స్టేషను. వీధి చివర షాపున్న కార్ల మెకానిక్‌కి దాన్ని వెక్కిరించకపోతే టీ అరిగేది కాదు.

“మాస్టారూ! మీ గాలానికి ఇవాళేమైనా పడిందాండీ?”

“ఒకటి పడిందిరా. దగ్గుతోంది.”

“పీకేద్దామండీ. అద్దానికి లోపలివైపు అతికించేవి వచ్చాయి. బయటికి అస్సలు కనపడవు.”

“అలాగా? ముందు నీ మీసం గొరిగి లోపలివైపు అతికించుకో. బాగుంటే నేనూ చేయిస్తాను.”

వానాకాలంలో దానికి పాత మేజోడు తొడిగేవారు. ఒకనాడు పక్కింటావిడ చూసుకోక దాని మీద బట్టలు ఆరేస్తే, ఆయన గొంతైనా పెంచలేదు. “రుమాళ్ళు ఆరేసుకోమ్మా, పరవాలేదు. దుప్పటి మాత్రం వద్దు. దానికి నడుం పట్టేస్తుంది” అన్నారు.

ఎనిమిదింటికల్లా కారు తీసి, ఆసుపత్రి దాటాక వచ్చే గుట్టదాకా వెళ్ళేవారు. అక్కడ వార్తలు తేటగా వినిపిస్తాయట. “వార్తలు చదివేవాళ్ళ ఇల్లు ఇంతకన్నా దగ్గరేమో కనుక్కోండి” అనేది భార్య.

మెకానిక్ నోటితో ఎంత ఆటపట్టించినా, మాస్టారంటే అతనికి ప్రాణం. లెక్కలంటే జ్వరం తెచ్చుకునే అతని కూతుర్ని రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒడ్డెక్కించింది ఆయనే. ఆయనకి తన చేతులమీదుగా ఒక మేలు జరగాలని అతని కోరిక. శనివారం మాస్టారు బ్రేకులు చూడమని కారు వదిలి వెళ్ళారు. ఇంకేం? ఆదివారమంతా అన్నం కూడా మరిచి యాంటెన్నా ఊడదీశాడు. ఆ చిల్లుకి రేకు అతికి, వేలితో తడిమినా తెలియనంత నున్నగా రంగు వేశాడు. ముందు అద్దానికి కనపడని యాంటెన్నా అతికించాడు. సోమవారం పొద్దున్నే కారు తనే తెచ్చి గుమ్మం ముందు నిలిపి, రేడియో పెట్టాడు. ఒకచోట పాటలు, ఒకచోట వార్తలు, ఇంకోచోట ఎవరో వంకాయ పురుగు గురించి. అన్నీ గంట కొట్టినట్టు పలికాయి.

మాస్టారు ఊడిన పన్ను కోసం నాలుకతో వెతుక్కున్నట్టు మడ్‌గార్డు తడుముతున్నారు.

“ఇంటిముందే ఇంత బాగా వినిపిస్తోందా?”

“మీ వంటింట్లోకి కూడా వినిపిస్తుందండీ!”

“కొంప ముంచావు కదరా! ఎక్కు.”

నాలుగు వీధుల అవతల మలుపులో, చేతికర్ర పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. ఆసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగం ఆమెది. చూపు లేదు. మాస్టారు కారు ఆపి హారన్ కొట్టారు. ఆమె కదల్లేదు. హారన్ ఏ కారుకి లేదు?

“నేనేనమ్మాయ్!” అని ఆయన కేక వేస్తే ఆశ్చర్యపోయింది. “మాస్టారుగారా! రోజూ దిగి ‘టంగ్’మనిపిస్తారుగా, ఇవాళ ఏమైంది?”

“మెకానిక్ తీసేశాడమ్మా. కొత్తది పెట్టాడు.”

ఆమె కారెక్కి రేడియో వింది. ముఖం విప్పారింది. “ఎంత బాగా పలుకుతోందండీ! పోనీలెండి, ఇక మీకు గుట్టదాకా తిరుగుడు తప్పింది. రేపట్నుంచి నేను నడిచే వెళ్తాను. నాకోసమని మీరు రానక్కర్లేదు.”

ఆసుపత్రి వచ్చేలోగా దాటిన రెండు పెద్ద రోడ్లనీ, వాటి మీది లారీలనీ మెకానిక్ తల తిప్పకుండా చూశాడు. ఆమె దిగి లోపలికి వెళ్ళిపోయింది.

“ఎవరు చెయ్యి పట్టుకోబోయినా విదిలించుకుంటుందిరా” అన్నారు మాస్టారు. “ఈ ముసలాడికి యాంటెన్నా పిచ్చి, ఎలాగూ అటే పోతాడు అనుకోబట్టి ఆరేళ్ళుగా ఎక్కుతోంది. నువ్వు నా పిచ్చి కుదిర్చి కూర్చున్నావు!”

మధ్యాహ్నానికల్లా మెకానిక్ తన కొత్త రంగుకి తనే చిల్లు పెట్టాడు. పాత యాంటెన్నా బిగించాడు. ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి, గుట్ట ఎక్కితే తప్ప రేడియో సరిగ్గా పలకకుండా ఉండడానికి చెమటోడ్చాడు.

“కొత్తది ఒక్కపూట ఎండకే ఊడిపోయిందని చెప్పండి మాస్టారూ. నాది చేతకాని పని అని చెప్పండి.” చేతులు జోడించి, కళ్ళు తుడుచుకున్నాడు.

“అదిగో, అదే వద్దు! నువ్విలా దండాలు పెడుతూ మెత్తగా మాట్లాడితే ఆ అమ్మాయికి అనుమానం వస్తుంది. నాకొక సాయం చెయ్యరా. రేపు ఆ అమ్మాయిని ఎక్కించుకుని నీ షాపు మీదుగా తిప్పుకొస్తాను. నువ్వు బయటికొచ్చి నన్ను వెక్కిరించు. కాస్త గట్టిగా, ఆమెకి వినపడేలా.”