రెండో కెమెరా కూలి

మొన్న ఆదివారం జోగిపేట నుంచి ఒక పెళ్లివారు సంగారెడ్డిలోని మా స్టూడియోకి వచ్చారు. ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. బేరమాడకుండా ఏదైనా కొంటే ఆ పూట అన్నం అరగని మనుషులు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకొని నా రేట్లన్నీ విని, చివరికి ఒక దగ్గర ఆగాడు. "గీ రెండో ఫొటోగ్రాఫర్ ఎందుకమ్మా? నువ్వొక్కదానివే తియ్యి. ఆయనను తీసేస్తె ఎంత తగ్గిస్తవ్?" అన్నాడు. తగ్గించనన్నాను. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఆయన కూడా నవ్వి, చాయ్ తాగి, అదే ధరకు ఒప్పుకొని వెళ్లాడు. వాళ్లు వెళ్లాక చాలాసేపు నా గొంతులో ఏదో గరగరలాడింది. ముప్పై ఏళ్ల కిందటి గాలి అది. ఇంకా పూర్తిగా బయటికి పోలేదు.

తొంభైల మధ్యలో మాకు పటాన్‌చెరులో ఒక చిన్న స్టూడియో ఉండేది. నాయన పెట్టింది. నాయన పోయాక దాన్ని చిన్నాయన నడిపాడు. నేను ఇంటర్ తప్పి, మళ్లీ రాసి, పాసై, ఏం చేయాలో తెలియక ఇంట్లో కూర్చున్న రోజులు. పెళ్లిళ్లలో పిల్లను తయారుచేసే గదిలోకి మగవాళ్లను రానివ్వరు. తలుపు దగ్గర నిలబడి బతిమాలి బతిమాలి విసిగిన చిన్నాయన ఒకరోజు నాయన పాత కెమెరా నా మెడలో వేసి, "నడువు, ఆడోళ్ల దిక్కు నువ్వు చూసుకో" అన్నాడు. చిన్నాయన ముస్తాబు మనిషి. పెళ్లికొడుకు కంటే ముందు ఆయనే తల దువ్వుకునేవాడు. జనాన్ని వరసలో నిలబెట్టి, "నవ్వుండ్రి... గట్ల కాదు, జెర ఇజ్జత్‌గ నవ్వుండ్రి!" అని అరిచేవాడు. ఆ అరుపుకు నవ్వేవాళ్లు కూడా మానేసేవారు. నాకు ఆయన పెట్టిన షరతు ఒకటే. పందిట్లో జీలకర్ర బెల్లం, పుస్తె, తలంబ్రాలు ఆయనవి. నేను వాటి జోలికి పోకూడదు. నాకూ పోవాలని లేదు. బల్లి అంటే, జనరేటర్ చప్పుడంటే, పెళ్లి ఇంటి కుక్కలంటే, రీలు సరిగ్గా ఎక్కిందో లేదోనంటే భయపడే పిల్లను నేను. కూలి మాటంటారా, అదేమీ లేదు. బస్సు కిరాయి, పెళ్లి భోజనం, పండుగకు అమ్మ చేతిలో ఏవో కొన్ని నోట్లు. "ఇంట్ల మనిషికి కూలేంది?" అనేది అమ్మ.

ఆ ఎండాకాలం గడ్డపోతారం దగ్గర ఒక ఊళ్లో పెళ్లి ఒప్పుకున్నాం. పాత రైతు కుటుంబం. సగం పొలం ఫ్యాక్టరీల కింద పోయింది, మిగిలిన సగంలో పందిరి వేశారు. పెళ్లికొడుకు వాళ్ల విడిది ఊరవతల మామిడితోటలో. మధ్యాహ్నం లగ్గం. ఆ ఊళ్లో వాసన ఎవరికీ కొత్త కాదు. పొద్దున ఒకటి, మాపటికి ఇంకొకటి. ముక్కుతోనే ఏ ఫ్యాక్టరీలో ఏం ఉడుకుతున్నదో చెప్పేవాళ్లు ఉండేవారు. అందుకే గదిలో పెళ్లిపిల్లకు జడ వేస్తుండగా ఘాటుగా ఏదో వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఎవరో కిటికీ మూశారు, అంతే. నేను పిల్ల చేతుల గోరింటాకు ఫొటో తీస్తున్నాను. కెమెరాలోంచి చూస్తుంటే గోరింటాకు అలికినట్టు అయిపోయింది. అద్దం మసకబారిందనుకొని తుడిచాను. మసకబారింది అద్దం కాదు, నా కళ్లు. కారం చల్లినట్టు మండుతున్నాయి. అప్పుడే బయట బ్యాండు ఆగింది. పాట మధ్యలో, ఒక్కొక్క వాయిద్యమే తెగిపోయినట్టు ఆగింది. ఆ తర్వాత "గ్యాసు! గ్యాసు లీకైంది! ఉరుకుండ్రి!" అన్న కేకలు.

గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి తలుపు మీద పడ్డారు. నేను గోడకు అంటుకుపోయాను. దగ్గు వస్తున్నది, దగ్గితే ఇంకా లోపలికి పోతున్నది. చనిపోవడం అంటే ఇదేనేమో అనుకున్నాను. అమ్మ గుర్తొచ్చింది, తర్వాత పందిట్లో ఉన్న చిన్నాయన గుర్తొచ్చాడు. పెళ్లిపిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగబడుతున్నాయి. మమ్మల్ని కదిలించింది ఆమె నాయనమ్మ. బిందెలో నీళ్లు మా ముఖాల మీద కుమ్మరించి, కొంగులు తడిపి ముక్కులకు అడ్డం పెట్టించి, వాకిట్లోకి లాగింది. వంటల దగ్గర పొయ్యిలు ఇంకా మండుతున్నాయి, వంటవాళ్లు లేరు. జనమంతా రోడ్డు వైపు పరుగెత్తుతున్నారు. ముసలామె పొయ్యిల పొగ వైపు చూసి, "పొగ గటే పోతున్నది, గ్యాసు గటే పోతది. గిటు రాండ్రి!" అని మమ్మల్ని ఎదురు దిక్కుకు తిప్పింది. "అవ్వా, మా చిన్నాయన..." అన్నాను. "మొగోడు, ఆయన కాళ్లు ఆయనకున్నయి. నువ్వు నడువు బిడ్డా!" అంది. దున్నిన చెలకలో పడుతూ లేస్తూ పరుగెత్తాం. పట్టుచీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని పెళ్లిపిల్ల, నా మెడలో ఛాతీకి కొట్టుకుంటూ కెమెరా. వెనక్కి తిరిగి చూస్తే పందిరి కనిపించింది గానీ దాని కింద మనుషులు కనిపించలేదు. నా జన్మలో అంత ఖాళీగా ఉన్న పెళ్లి పందిరి మళ్లీ చూడలేదు.

మామిడితోటలో గాలి బాగుంది. పెళ్లికొడుకు వాళ్లు బిత్తరపోయి నిలబడ్డారు. మెల్లగా ఒక్కొక్కరే వచ్చి చేరారు, పిల్ల తండ్రి, పెళ్లి చేసే అయ్యగారు, కొందరు చుట్టాలు. దగ్గు ఆగనివాళ్లను ట్రాక్టరులో, జీపులో సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయారని తెలిసింది. వాళ్లలో చిన్నాయన ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. ఏడుద్దామంటే కళ్లు అప్పటికే కారుతున్నాయి, అది ఏడుపో కాదో నాకే తెలియలేదు. అంతలో లగ్గం దాటిపోతున్నదని పెద్దలు తొందరపడ్డారు. చెట్టు కింద రెండు పీటలు వేశారు. "ఫొటో ఆయన ఏడి?" అని పిల్ల తండ్రి చుట్టూ చూశాడు. చివరికి ఆయన చూపు నా మెడ మీద ఆగింది. "నీ దగ్గర ఉన్నది కెమెరానే గద బిడ్డా?"

గ్యాసుకు కొట్టుకోని గుండె అప్పుడు కొట్టుకుంది. రీళ్ల సంచీ ఆ గదిలోనే ఉండిపోయింది. కెమెరాలో ఉన్న రీలులో గుప్పెడు ఫొటోలే మిగిలాయి. ఒక్కటి చెడినా ఆ పిల్లకు తన పెళ్లిలో ఆ ఘట్టం లేనట్టే. మళ్లీ పుస్తె కట్టమని ఎవరిని అడుగుతాం? ఎండ ఆకుల్లోంచి మచ్చలు మచ్చలుగా పడుతున్నది. వెలుతురు ఎంత పెట్టాలో నాయన నేర్పిందంతా మర్చిపోయాను. మామిడి చెట్టుకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. బిగబడితే దగ్గు వస్తుంది, వదిలితే చెయ్యి కదులుతుంది. జీలకర్ర బెల్లం. పుస్తె. తలంబ్రాలు. అవ్వ పిల్ల నుదుటిన ముద్దు పెట్టుకోవడం. ఆ తర్వాత లివరు తిరగలేదు. రీలు అయిపోయింది.

సాయంత్రం దవాఖానలో చిన్నాయన మంచం మీద కూర్చొని కనిపించాడు. దువ్విన జుట్టు చెదిరి, చొక్కా గుండీలు ఊడి, ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి రమ్మని సైగ చేశాడు. నా తల మీద చెయ్యి పెట్టి, పిల్లలకు జ్వరం చూసినట్టు చూశాడు. కాసేపటికి, "లగ్గం?" అన్నాడు. అయిందన్నాను. "ఫొటోలు?" తీశానన్నాను. కళ్లు మూసుకున్నాడు. దేవుడి దయ, ఆ ఊరివాళ్లందరూ ప్రాణాలతో ఇళ్లకు చేరారు. చిన్నాయన గొంతు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ పాతలా కాలేదు.

హైదరాబాదు ల్యాబు నుంచి ఫొటోలు వచ్చేదాకా నేను సరిగా తినలేదు. కవరు నేను విప్పలేక చిన్నాయనకిచ్చి వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఒక్కొక్క ఫొటో తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "అవ్వ ముద్దు పెట్టింది ఒక్కటి కదిలింది. కడమయి మంచిగొచ్చినయ్," అన్నాడు. అందులో ఒక తమాషా కూడా జరిగింది. గ్యాసుకు అందరి కళ్లూ ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి కదా, ఆ పెళ్లికి రాక, ఆల్బం మాత్రమే చూసిన పెళ్లికొడుకు చుట్టాలు ఆ పిల్లంటే వాళ్లవాళ్లకు ఎంత ప్రేమో అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారట.

పైసలు మొత్తం వచ్చాయి. నాకు మామూలుగా బస్సు కిరాయి వచ్చింది. ఆ గాలి భయం ఒక గంటది. కూలి అడగాలన్న భయం నన్ను ఆ వానాకాలం అంతా పీడించింది. అమ్మ వద్దన్నది. "ఆయన కాదంటే మనకు ఎవలున్నరు?" అన్నది. నిజమే. అయినా ఒక మధ్యాహ్నం చిన్నాయన ఇంటికి పోయాను. చిన్నమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. మాట పెగల్చడానికి రెండు గ్లాసుల నీళ్లు తాగాను. "చిన్నాయనా, నాకు ఎంతిస్తవో ఒక లెక్క చెప్పు," అన్నాను.

ఆయన కోపం చేయలేదు. అదే ఇంకా భయపెట్టింది. "చూడు బిడ్డా," అన్నాడు, "కెమెరా మీ నాయనదే, ఒప్పుకుంటా. గాని గిరాకీ నాది. ఫొటో చెడితె నా గల్లా పడతరు, నీ దగ్గరికి రారు. పెళ్లి అయ్యేదాంక గా భయం నాదే. పైసలు తీసిన దానికి కాదు, గా భయానికి ఇస్తరు."

మాట సబబే. ఇంటికి పోదామని లేచాను కూడా. గడప దగ్గర ఎందుకో ఆగి, "మరి గా దినం తోటల భయం ఎవలది చిన్నాయనా?" అన్నాను. చిన్నాయన జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ చాట పక్కన పెట్టి, "జవాబు చెప్పుండ్రి. ఆడపిల్ల అడిగింది," అంది.

ఆయన దువ్వెన జేబులో పెట్టేశాడు. చివరికి, "రీళ్లు, ల్యాబు, కిరాయిలు ముందుగాల తీసేద్దాం. మిగిలినయి మూడు పాళ్లు. రెండు నావి, ఒకటి నీది. పుస్తె ఫొటో నువ్వొక్కదానివే తీసిన నాడు సగం సగం," అన్నాడు. మరునాడు గడ్డపోతారం పెళ్లి సగం తెచ్చి అమ్మ చేతిలో కాకుండా నా చేతిలో పెట్టాడు. అది పట్టుకోవడానికి కూడా నాకు భయమేసింది.

ఏళ్లు గడిచాయి. రీళ్లు పోయాయి, నేను సంగారెడ్డిలో సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను. చిన్నాయన స్టూడియో మూతపడింది. ఒకరోజు తల దువ్వుకొని వచ్చి, "ఏమన్న పనుంటే చెప్పు బిడ్డా," అన్నాడు. ఆయన చివరి ఏళ్లన్నీ నా పెళ్లిళ్లకు రెండో ఫొటోగ్రాఫర్‌గా వచ్చాడు. నిలబడితే ఆయాసం, కుర్చీలో కూర్చొని ముసలివాళ్ల ముఖాలు తీసేవాడు. ప్రతి పెళ్లి తర్వాత మూడింట ఒక పాలు ఆయన చేతిలో పెట్టేదాన్ని. చూడకుండా జేబులో వేసుకునేవాడు. తక్కువైందని ఒక్కసారైనా అంటాడేమో, ఎక్కువైందని నొచ్చుకుంటాడేమో అని ఆయన ముఖం వైపు చూడలేకపోయేదాన్ని. ఆయన పోయాక రెండో కెమెరా పట్టేవాళ్లకు కూడా అదే పాలు ఇస్తున్నాను. అడిగేటప్పటి భయం వయసుతోపాటు పోయింది. ఇచ్చేటప్పుడు చేతిలో పుట్టే ఈ భయాన్ని మాత్రం ఇన్నేళ్ల కాలం కూడా తీసుకుపోలేదు.