మడమ ఆనని నడక

ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసే ఆమెను అందరూ చాటున కొంగ అనేవారు. మోచేతులు డొక్కలకు ఆనించి, మణికట్లు వేలాడేసి, మునివేళ్ళ మీద నడిచేది. చిన్నప్పుడు "మడమ ఆనించవే, పరువు తీయకు" అంటూ తల్లి వీపు మీద చరిచిన దెబ్బలకు లెక్కలేదు. తల్లి పోయింది గానీ ఆ నడక పోలేదు.

పందొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఆమెకు తెలియని ఫైలు లేదు. రోగి నంబరు చెబితే చాలు, నిచ్చెన ఎక్కి చిటికెలో తెచ్చిచ్చేది. బీరువాల మధ్య ఆమెను ఎగాదిగా చూసేవాళ్ళు ఎవరూ ఉండేవారు కారు.

కొత్త మేనేజరు వచ్చి ఆమెను ముందరి కౌంటరులో వేశాడు. రెండో రోజే పిలిచాడు.

"జనం నవ్వుతున్నారమ్మా. కాస్త అందరిలా నడవకూడదూ?"

"నడుస్తాను సార్."

నడిచింది. మడమ, వేళ్ళు, చెయ్యి ముందుకు, చెయ్యి వెనక్కి. మనసంతా కాళ్ళ దగ్గరే ఉంటే నంబరు ఎక్కడ నిలుస్తుంది? బీరువా దాకా వెళ్ళేసరికి బుర్ర ఖాళీ. మూడు వారాల్లో నాలుగుసార్లు ఒకరి ఫైలు ఇంకొకరికి ఇచ్చింది. నాలుగోసారి, మందు రాయబోతూ డాక్టరమ్మ ఫైలు మీది పేరు చూసుకోబట్టి సరిపోయింది.

మేనేజరు చీవాట్లు పెడుతున్నంతసేపూ ఆ డాక్టరమ్మ ఆమె కాళ్ళకేసే చూసింది. తరువాత తన గదిలో కూర్చోబెట్టి పిక్కలు నొక్కి చూసింది.

"ఎప్పట్నించి ఇలా?"

"నడక వచ్చినప్పట్నించీ."

"చప్పుళ్ళూ, జనం తాకిడీ తట్టుకోలేవు కదూ?"

ఆమె తలూపింది.

"ఇది పొగరూ కాదు, చెడ్డ అలవాటూ కాదు. ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరు ఇలా నడుస్తారు. పరీక్షలు చేస్తేగానీ తేల్చి చెప్పలేను. చిన్నప్పుడే ఎవరైనా చూసుంటే బాగుండేది. ఇప్పుడు పిక్కలు బిగుసుకుపోయాయి."

సాయంత్రం ఆ మాట అక్కకు చెప్పింది. అక్క కూరగాయలు తరుగుతూనే వింది.

"నలభై మూడేళ్ళొచ్చాక ఇప్పుడు దానికో పేరు పెట్టుకుని ఏం చేస్తావే? ఇంకెవరితోనూ అనకు, పిచ్చిదంటారు."

ఆమె పరీక్షలకు వెళ్ళలేదు. వారం తిరక్కుండానే బట్టలుతికే విభాగానికి మార్చారు. రోజంతా బల్ల దగ్గర నిలబడి దుప్పట్లు మడవాలి. యంత్రాల హోరుకు చెవుల్లో దూది పెట్టుకున్నా తల దిమ్మెక్కిపోయేది. నెలాఖరుకు పిక్కలు రాయిలా తయారయ్యాయి. అయినా సెలవు అడగలేదు. అడగాలంటే మేనేజరు గది దాకా, కౌంటరు ముందున్న జనమంతా చూస్తుండగా, నడిచి వెళ్ళాలి.