పచ్చ తువాలుకు జవాబు

మా పక్కింటి స్టేషన్ మాస్టారు మొన్న సోమవారం ఉదయం ఆస్పత్రిలో కన్నుమూశారు. ఫోన్‌లో వాళ్ళమ్మాయి "అక్కా, నాన్న ఇంక లేరు" అని ఏడుస్తుంటే నేను గడియారం చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఎనిమిదింపావు బండికి ఇంకా పది నిమిషాలుంది.

మాస్టారు కాజీపేట వైపు చిన్న స్టేషన్లలో ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక అమెరికాలో, ఈ షామ్‌బర్గ్‌లో ఉన్న కూతురింటికి వచ్చారు. కాజీపేట వైపు బండి స్టేషన్ దాటుతుంటే స్టేషన్ మాస్టరు పచ్చజెండా చూపాలి, చివరి పెట్టెలోంచి గార్డు తిరిగి చూపాలి. ఆ అలవాటు ఇక్కడా మానలేదు. రోజూ ఎనిమిదింపావు బండి వేళకి స్టేషన్‌కి నడిచి వెళ్ళి, బండి కదలగానే వంటింటి పచ్చ తువాలు చాపేవారు. కూతురికి తలకొట్టేసినట్టుండేది.

"నాన్నా, ఎవరైనా కంప్లైంట్ చేస్తే?"

"తువాలే గద బిడ్డా చూపిన, రాయి ఇసిరిన్నా?"

నేను స్కూల్లో ఫ్రెంచ్ చెప్తాను. ఒకరోజు ఏడిపిద్దామని, "మాస్టారూ, మీలాంటి రైలు పిచ్చివాళ్ళకి ఫ్రెంచ్‌లో ఒక పేరుంది. ఫెర్రోవిపాత్" అన్నాను.

"ఎట్ల పుట్టిందమ్మా ఆ మాట?"

"ముందు సగం ఇటలీ వాళ్ళది, ఇనుప దారి అని. వెనక సగం గ్రీకుది, బాధ, జబ్బు అని."

పడీపడీ నవ్వారు. "పేరు గూడ పెట్టిన్రంటే, నా అసొంటోళ్ళు ఆడ మస్తుమంది ఉన్నట్టే!" ఇక కనిపించిన వాళ్ళందరికీ అదే చెప్పుకున్నారు, మందుల షాపులో కూడా.

ఆయనకున్న అసలు బాధ ఒక్కటే. ఇక్కడ బండికి గార్డు లాంటివాడు కండక్టరే. ఇన్ని నెలల్లో ఏ కండక్టరూ తిరిగి చెయ్యెత్తలేదు. "జవాబు రాకుంటే డ్యూటీ సగమే తల్లీ. ఓసారి నువ్వొచ్చి వాళ్ళకు ఇంగ్లిష్‌ల జెప్పు" అనేవారు. వస్తా వస్తా అన్నాను. పేపర్లు దిద్దాలన్నాను, చలన్నాను. ఆస్పత్రిలో కూడా అడిగారు. నా బద్ధకం తగలెయ్యా!

నిన్న వెళ్ళాను. తువాలు ఇస్త్రీ చేసి వాళ్ళమ్మాయే ఇచ్చింది. ఎనిమిదింపావు బండి ఆగింది. నెరిసిన గడ్డం కండక్టరు చివరి తలుపు దగ్గర దిగి, మాస్టారు నిలబడే చోటు వైపు చూస్తున్నాడు.

"ఆ పెద్దాయన కోసమా? ఆయన పోయారండీ" అన్నాను ఇంగ్లిష్‌లో.

అతను నా చేతిలో తువాలు వైపు చూశాడు. "రోజూ ఎవర్ని సాగనంపేవారు?"

"మిమ్మల్నే. మీరు తిరిగి చెయ్యెత్తుతారని ఎదురుచూశారు."

"అయ్యో, ఎవరో పాసింజర్ కోసం అనుకున్నాను" అంటూ బండెక్కాడు.

బండి కదిలింది. నేను తువాలు చాపాను. తలుపులోంచి బయటికి వంగి అతనెత్తిన చెయ్యి, బండి మలుపు తిరిగేదాకా దిగలేదు.