ఒక చుక్క ఎక్కువైన స్టైల్ ఫైలు

తొంభైల చివర్లో నేను గచ్చిబౌలి వైపున్న ఒక విశ్వవిద్యాలయంలో వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద పరిశోధన చేసేదాన్ని. ఆ తెగులు ఎందుకొస్తుందన్నది మా విశ్వవిద్యాలయానికి పెద్ద పట్టింపు కాదు. థీసిస్ చివర గ్రంథసూచిలో రచయిత పేరు తర్వాత చుక్క పెట్టామా, కామా పెట్టామా అన్నదే పట్టింపు. దానికి సైక్లోస్టైల్ చేసిన మూడు పేజీల నియమావళి ఒకటి ఉండేది. అది ఎన్ని చేతులు మారిందో, చుక్కకీ కామాకీ తేడా తెలియాలంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూడాల్సి వచ్చేది.

ఆ రోజుల్లోనే మా గైడ్ గారు విదేశం నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మనం చదివిన వ్యాసాల వివరాలు ఒకసారి ఎక్కిస్తే చాలు, ఏ పత్రికకి ఏ పద్ధతిలో కావాలో ఆ పద్ధతిలో జాబితా అదే పేర్చి ఇస్తుంది. ఒక్కో పద్ధతికి ఒక్కో స్టైల్ ఫైలు. ఎక్కడెక్కడి దేశాల పత్రికలకో వందల స్టైళ్ళున్నాయి అందులో. మాది లేదు. కావలసినవాళ్ళు సొంతంగా తయారుచేసుకోవచ్చునని దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసి ఉంటే, నేను కూర్చుని చేశాను. మూడు వారాలు పట్టింది. మా ల్యాబ్‌లో రిబ్బన్ అరిగిపోయిన డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద ఒక పేజీ కొట్టి చూసుకుని, అంతా సరిగ్గానే ఉందని మురిసిపోయాను.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. గోదావరి వైపు మనిషి. పీహెచ్‌డీలో చేరి ఏడో ఏడు నడుస్తోంది. పని పడితే నన్ను చెల్లెమ్మా అనేవాడు, పని లేకపోతే గోడకేసి చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

"చెల్లెమ్మా, ఆ స్టైలేదో నాకూ ఓ కాపీ ఇద్దురూ. మీ పేరు చెప్పుకుని గట్టెక్కుతాను" అన్నాడు.

ఫ్లాపీలో వేసి ఇచ్చాను. ఇలాంటివి నలుగురికీ పంచాలన్నది నా ఉద్దేశం కూడా. పంచడంలో మాత్రం ఆయన నన్ను మించిపోయాడు. నెల తిరక్కుండా అది కెమిస్ట్రీ వాళ్ళకి చేరింది, జంతుశాస్త్రం వాళ్ళకి చేరింది, కొండాపూర్‌లో థీసిస్‌లు టైపు చేసే షాపుకీ చేరింది. ఒకరోజు ఆ షాపులో నా అధ్యాయం దిద్దించుకుంటూ ఆ ఫైలు తెరిచి చూశాను. తయారుచేసినవారి పేరు రాసే చోట సీనియర్ పేరు ఉంది. పేరు ముందు డాక్టర్ అని కూడా ఉంది.

మర్నాడు ల్యాబ్‌లో పట్టుకుని అడిగాను. "అన్నయ్యగారూ, ఫైల్లో మీ పేరుందేంటండీ?"

"అదా! ఆడపిల్ల పేరు నలుగురి కంప్యూటర్లలో తిరగడం బాగోదని నేనే అలా సర్దానండీ."

"మరి ఆ డాక్టర్?"

"ఇవాళ కాకపోతే రేపొచ్చేదే కదా చెల్లెమ్మా!"

గైడ్ గారికి చెబితే "ఇంత చిన్నదానికి గొడవెందుకమ్మా" అంటారని తెలుసు కాబట్టి చెప్పలేదు. ఆ తర్వాత సీనియర్ మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో పనిచేసే బావమరిది దగ్గరికెళ్ళి, అక్కడి ఇంటర్నెట్‌లో, ప్రపంచంలో అందరూ తమ స్టైళ్ళు పెట్టుకునే చోట దీన్నీ పెట్టించాడు. ఆ పేజీ ప్రింటు తీయించి నోటీసు బోర్డుకి గుచ్చాడు. డిపార్ట్‌మెంటు వార్షిక సభలో శాలువా కప్పారు. మూడో వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను.

కొన్నాళ్ళకి ఫీజు రసీదు కోసం థీసిస్‌లు తీసుకునే సెక్షన్‌కి వెళ్ళాను. అక్కడి సెక్షన్ ఆఫీసరు మెదక్ వైపు ఆయన. టేబుల్ మీద థీసిస్‌ల దొంతర పెట్టుకుని, భూతద్దంతో చివరి పేజీలు చూస్తున్నాడు.

"ఏందమ్మా, మీ సైన్సోళ్ళకు చుక్కలు ఎక్కువైనయా? పేరు పేరుకు రెండేసి పెట్టిన్రు!"

వంగి చూశాను. గ్రంథసూచిలో పేరు చివరికెళ్ళే పొడి అక్షరం తర్వాత ఎలాగూ చుక్క ఉంటుంది. పేరు అయిపోగానే చుక్క పెట్టమని నేను ఫైల్లో మళ్ళీ చెప్పాను. రెండూ పక్కపక్కన పడ్డాయి. మా ప్రింటర్ మసకలో అది ఒక్కటిగానే కనబడింది. షాపువాడి లేజర్ ప్రింటులో రెండూ నిగనిగలాడుతున్నాయి.

"ఎవరు చేసిన్రు గిది?" అన్నాడాయన.

తప్పు నాదే. ఒప్పుకుందామని నోరు తెరిచాను. కానీ శాలువా కళ్ళ ముందు ఆడింది.

"ఫైల్లో పేరుంటుంది సార్, చూడండి" అన్నాను.

ఆ మధ్యాహ్నమే సీనియర్ కబురందుకుని, చెమటలు కక్కుతూ ల్యాబ్‌కొచ్చాడు. "చెల్లెమ్మా, ఈ ఫైలు మీదేనని అందరికీ చెప్పేద్దామనుకుంటున్నానండీ. మొదట్నుంచీ నాకు మనసొప్పడం లేదు."

"వద్దండీ. ఆడపిల్ల పేరు నలుగురిలో తిరగడం బాగోదు" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గు లేదు. తప్పు చేసినందుకు మాత్రం ఉంది. అందుకే ఆ సాయంత్రమే ఎక్కువైన చుక్క తీసేసి, కొత్త ఫ్లాపీలు పట్టుకుని ల్యాబ్ ల్యాబుకీ తిరిగాను. ఎవరూ తీసుకోలేదు. "సార్‌వాళ్ళు తేల్చేదాకా ఆగుదాం" అన్నారు.

సార్‌వాళ్ళు తేల్చారు. రెండు చుక్కల థీసిస్‌లు అప్పటికే మూడు, భూతద్దం బయటికి రాకముందే సంతకాలు పడి, పట్టాలు కూడా ఇచ్చేసినవి ఉన్నాయట. మిగిలినవి తప్పంటే అవీ తప్పే, వాటి మీద సంతకాలూ తప్పే. కమిటీ కూర్చుంది. సీనియర్‌ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచింది. చివరికి, రచయిత పేరు తర్వాత రెండు చుక్కలు పెట్టడం ఈ విశ్వవిద్యాలయం పద్ధతి అని కొత్త నియమం వచ్చింది. ఈసారి సైక్లోస్టైల్ కాదు, శుభ్రంగా లేజర్ ప్రింటు.

ఆ సంగతి నేను పట్టించుకోలేదు. మరుసటి ఏడాది నా థీసిస్ ఒకటే చుక్కతో పట్టుకెళ్ళాను. ఆఫీసరు రెండు పేజీలు తిప్పి వెనక్కి తోశాడు.

"ఒక్కటే చుక్క ఉన్నదేందమ్మా?"

"రెండుంటే తప్పని మీరే అన్నారు కదా సార్!"

"అప్పుడు తప్పే. ఇప్పుడు రూలు. జర సమజ్ చేస్కో." నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "ఫికర్ చెయ్యకు. గా మీ సీనియర్ సార్ మంచి ఫైలు చేసి పెట్టిండు. ఫ్లాపీ ఇస్త, తీస్కపో."

తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. కొండాపూర్ షాపులో గ్రంథసూచి ఇరవై రెండు పేజీలూ మళ్ళీ తీయించి, బైండింగ్ విప్పించి, కొత్తవి కుట్టించాను. వారంలో థీసిస్ తీసుకున్నారు. ముందున్న నూట ఎనభై పేజీల తెగులు సంగతి ఆ సెక్షన్‌లో ఎవరూ తిరగేయలేదు.