పాలపిట్ట ఏం తింటుంది?

పొద్దున పెరట్లో కరెంటు తీగ మీద పాలపిట్ట బొంగురు గొంతుతో అరిచింది. ఆ అరుపు వింటే అందరికీ దసరా గుర్తొస్తుందేమో. నాకు మాత్రం మాణిక్యరావు సార్ గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తరువాత కూడా ఒళ్ళు మండుతుంది. అరవైలలో నేను వికారాబాద్‌లో వ్యవసాయ శాఖ ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన నా పై అధికారి. నేను రాసిన ఏ కాగితమూ ఎర్రసిరా గీతలు లేకుండా తిరిగి వచ్చేది కాదు. "వానలు బాగ పడ్డయని రాసినవు. బాగ అంటె ఎంత?" అనేవారు. అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

ఆ ఏడు కంది కాయపట్టే వేళ, తాండూరు దగ్గర బసప్ప అనే రైతు పాలపిట్టలు చేను పాడుచేస్తున్నాయని మొరపెట్టుకున్నాడు. చేనుకు రెండు మైళ్ళు ఎండలో నడవాలి. నేను స్టేషన్ ముందు చాయ్ తాగుతూ అతను చెప్పిందంతా విని, పాలపిట్టలు కందిగింజలు తింటున్నాయని రాసేశాను. ఉచ్చులు పెట్టమని అతనికి చెప్పి రైలెక్కాను.

సార్ ఆ కాగితం చదివి కళ్ళజోడు తీశారు. "పిట్ట కంది తినంగ నువ్వు చూసినవా?"

"రైతు చెప్పిండు సార్."

"నేనడిగింది నిన్ను."

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని తాండూరు వెళ్ళారు. చేను గట్టున నన్ను కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు రాయమన్నారు. మూడు రోజులు! ఉద్యోగం మానేద్దామన్నంత చిరాకు. పాలపిట్ట ఎండుమోడు మీద కదలకుండా కూర్చునేది. ఉన్నట్టుండి నేలకు దిగి, మిడతను ముక్కున పట్టుకుని, మోడుకేసి బాది, గుటుక్కున మింగేది. మళ్ళీ మిడత. మళ్ళీ పేడపురుగు. ఒకసారి చిన్న తొండ. కంది కొమ్మ మీద ఒక్కసారీ వాలలేదు. మూడోరోజు సార్ మోడు కింద పిట్ట అరగక కక్కిన ఎండు ఉండలు ఏరి, అరచేతిలో చిదిమి చూపించారు. పురుగుల రెక్కలు, మిడతల కాళ్ళు. కందిపొట్టు రవ్వంతైనా లేదు. తరువాత కంది కాయలు ఒలిచారు. లోపల గింజలు తొలుస్తున్న పచ్చపురుగు.

"బసప్పను పిలువు. నువ్వే చెప్పు" అన్నారు.

ఆయనే చెప్పవచ్చు కదా అని లోలోపల తిట్టుకుంటూ చెప్పాను: "నేను చూడకుంట రాసిన బసప్పా. పాలపిట్ట కంది తినది."

అతను నా ముఖంలోకి చూశాడు. "నాలుగింటిని సంపిన గద సార్, మీ మాట పట్టుకొని. పండుగనాడు దానికే మొక్కుతం." అని అతను వెనుదిరిగాడు. సార్ నన్ను ఓదార్చలేదు, కసురుకోలేదు. రైల్లో వికారాబాద్ దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనానికి నేనాయన మీద ఏళ్ళ తరబడి కోపం పెట్టుకున్నాను. ఏదైనా అని ఉంటే తేలిగ్గా మరచిపోయేవాణ్ణి.

ఇప్పుడు నా భార్యకు నేనే ఒక మాణిక్యరావుని. వంటింట్లోంచి "వాన పడుతున్నదా?" అని అడిగితే, చప్పుడు వినిపిస్తున్నా లేచి వాకిట్లోకి వెళ్ళి, చెయ్యి చాపి, తడిసేదాకా నిలబడి, అప్పుడు జవాబు చెబుతాను.

"మీతోని ఏగలేను" అంటుంది ఆవిడ.