అవ్వ మాత్రలు, ప్రవక్త దర్శనం

అబద్ధ ప్రవక్తలు గొర్రె తోలు కప్పుకుని మీ మధ్యకే వస్తారు, లోపల తోడేళ్లు అని మా పాస్టరయ్య ఏటా హెచ్చరించేవారు. ధర్మవరంలోని మా రేకుల షెడ్డు మందిరంలో అందరం ఆమేన్ అనేవాళ్లం. ఆ వాక్యం పక్క వీధి సంఘం గురించి రాసిందని మా నమ్మకం.

మూడేళ్ల కిందట పాస్టరయ్య పక్షవాతంతో మంచం పట్టారు. ఆయన బదులు హిందూపురం నుంచి ఒక ప్రవక్త ఆదివారం ఆదివారం రైలెక్కి రాసాగాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. కళ్లు మూసుకుని, "ఈ వరసలో ఒక చెల్లెమ్మ కోడలితో మాట్లాడటం లేదు" అనేవాడు. చెల్లెమ్మ వెక్కివెక్కి ఏడ్చేది.

మా అవ్వకు షుగర్. కాలి మీద పుండు మానడం లేదు. ప్రవక్త ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, మాత్ర మింగడం అవిశ్వాసం అన్నాడు. అవ్వ ఆ రోజే మాత్రలు మానేసింది. పెనుకొండ డాక్టరు పుండు చూసి, ఇట్లే వదిలేస్తే పాదం తీసేయాల్సి వస్తుందన్నాడు.

"పాదం పోతే పోనీరా, విశ్వాసం పోకూడదు" అంది అవ్వ.

"అయితే ఇకమీద ఒక్క చెప్పు కొంటే చాలులే అవ్వా" అన్నాను. ఉన్న చెప్పు విసిరింది. గురి బాగానే ఉండింది.

మా సంఘంలో ఆరాధన తర్వాత దైవసేవకుడికి వారానికొక ఇంట్లో భోజనం. పెట్టేవాళ్లు కూరతో పాటు ఊరి సంగతులన్నీ వడ్డిస్తారు. ఈ వారం విస్తరి ముందు విన్నదే వచ్చే వారం దర్శనంలో కనిపిస్తోందని నాకు తోచింది. నాయనతో అంటే, నోరు మూసుకోమన్నాడు. సంఘ పెద్దలదీ అదే సలహా, ఇంకాస్త గట్టిగా.

ఆ వారం భోజనం మా మేనత్త ఇంట్లో. కోడి పులుసు వడ్డిస్తూ ప్రవక్తతో దిగులుగా చెప్పాను. "నాయనకు నేత సాగడంల్యాదన్నా. మగ్గం గుంటలో ఎవురో తాయెత్తు పూడ్చినారని భయపడతాండాడు." ఆయన ఎముక కొరుకుతూ తల ఊపాడు.

ధర్మవరంలో మగ్గమంటే గుంట మగ్గమే. నేసేవాడు గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. అంతవరకు ఆయనకూ తెలుసు. మా ఇంటి భోజనం వంతు ఇంకా రాలేదు కాబట్టి, మేం అద్దెకుండేది మిద్దె మీద అని మాత్రం తెలియదు. మా మగ్గానికి గుంట లేదు, గచ్చు మీద ఇనుప కాళ్లతో నిలబడి ఉంటుంది. సంఘంలో అందరూ చూసిందే.

తర్వాతి ఆదివారం ప్రవక్త కళ్లు మూసుకుని వణికాడు. "అవ్వా, నీ ఇల్లు కనిపిస్తోంది. మగ్గం గుంటలో, మట్టి కింద, ఎర్రగుడ్డలో చుట్టిన తాయెత్తు. దేవుడు తవ్వి చూపిస్తున్నాడు."

ఎర్రగుడ్డ ఆయన సొంత కానుక.

ఆమేన్ రాలేదు. అవ్వ కుంటుకుంటూ లేచింది.

"ఏమప్పా, యాడ తవ్వతాండాడు దేవుడు? మాది మిద్దె. తవ్వితే కిందింటోళ్ల పొయ్యిలో పడతాది."

"అది ఆత్మీయమైన గుంట అవ్వా" అన్నాడు ప్రవక్త.

వెనక వరసలోంచి ఒక నేతగాడు, "ఆత్మీయంగా తవ్వినా శ్లాబు కారతాదన్నా" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నవ్వు ఆగాక కోడలితో మాట్లాడని చెల్లెమ్మ లేచింది. "నా సంగతి కూడా మా పక్కింట్లో కోడి తిన్నాకే కదా నీకు కనిపించింది?" ఆ తర్వాత ఒక్కొక్కరూ ఏ ఇంట్లో ఏం తిన్నాక ఏ దర్శనం వచ్చిందో చెప్పసాగారు. ముగింపు ప్రార్థనకు ముందే తెల్ల బూట్లు స్టేషన్ దారి పట్టాయి. ఇకమీదట ఆ మనిషిని మందిరం గడప తొక్కనివ్వకూడదని పెద్దలు అక్కడికక్కడే తీర్మానించారు. తమకు మొదటినుంచీ అనుమానమేనని కూడా అన్నారు. అంత అనుమానం ఇన్నాళ్లూ ఎక్కడ దాచారో.

ఇంటికొచ్చాక అవ్వ నన్ను పిలిచింది.

"తాయెత్తు అబద్ధం నీదే కదరా?"

"నాదే."

"తోడేలును పట్టేదానికి నక్కవయినావు. మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేసుకో. ముందు ఆ మాత్రలు యాడుండాయో చూడు."

ముందు మాత్రలే వెతికాను.

వేసవి ముగిసేలోపు పుండు మానింది. పాదానికి భయం లేదని పెనుకొండ డాక్టరు చెప్పాక వచ్చిన ఆదివారం, అవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ముందుకు నడిచి సాక్ష్యం చెప్పింది. "బాగుచేసింది దేవుడే. మాత్రలు చేసినోళ్లకు తెలివిచ్చింది కూడా ఆయనే." ఆ ఆమేన్‌కు రేకులు అదిరాయి. సాక్ష్యం ఎంతకీ ముగియలేదు. భోజనాల వేళ దాటినా ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు.